కార్డుకు మార్కులు వేయించాలా?



డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో, పదేళ్ల పిల్లలున్న తెలుగు ఇంటికి వెళ్తే పోకెమాన్ కార్డుల డబ్బా ఒకటి కనబడక మానదు. కొన్ని ఇళ్లలో బాస్కెట్‌బాల్ కార్డులుంటాయి, కొన్నింట్లో బేస్‌బాల్ కార్డులు. ఆ డబ్బాలోంచి ఏదో ఒకరోజు తళతళలాడే కార్డు ఒకటి బయటికొస్తుంది. పిల్లవాడు ఫోన్లో దాని ధర వెతుకుతాడు. విడిగా అయితే 60 డాలర్లు. అదే కార్డు గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, పైనున్న చీటీ మీద 10 అంకెతో ఉంటే 150. ఇక ఊరుకుంటాడా? “నాన్నా, దీన్ని గ్రేడింగ్‌కి పంపిద్దాం” అని వెంటపడతాడు.

పంపాలా, వద్దా? ఈ పూట నా ప్రసంగం దాని గురించే. ఏళ్ల తరబడి కార్డులు సేకరిస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఉన్న కార్డుల్లో చాలావాటిని పంపనక్కర్లేదు. మిగిలిన ఆ కొద్దిపాటి వాటికైనా, లెక్క వేసుకునేటప్పుడు 10 వస్తుందని వేసుకోకండి. 9 వస్తుందనుకుని వేసుకోండి. 9 వచ్చినా పరవాలేదనిపిస్తేనే పంపండి.

గ్రేడింగ్ అంటే ఏమిటో తెలియని పెద్దవాళ్ల కోసం రెండు ముక్కలు. మన కార్డును ఒక కంపెనీకి పంపుతాం. అది అసలుదో నకిలీదో అక్కడివాళ్లు చూస్తారు. అంచులు కత్తిరించారా, రంగు పూశారా, మరకలు తుడిచారా అని చూస్తారు. కార్డు ఉన్న స్థితిని బట్టి 1 నుంచి 10 దాకా మార్కులు వేసి, ఒకసారి మూస్తే పగలగొడితే తప్ప తెరుచుకోని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి తిరిగి పంపుతారు. ఆ పెట్టెను స్లాబ్ అంటారు. పెట్టెలోకి వెళ్లని కార్డు రా కార్డు. ఈ పనిలో పేరుపడ్డవాటిలో అన్నిటికంటే పెద్దది 1991లో కాలిఫోర్నియాలో మొదలైన పీఎస్ఏ. ఎస్‌జీసీ, సీజీసీ అని మరో రెండున్నాయి. ఎస్‌జీసీని 2024లో పీఎస్ఏ మాతృసంస్థే కొనేసింది. బెకెట్ మాత్రం మన డాలస్ ప్రాంతంలో పెరిగిన పేరు. జేమ్స్ బెకెట్ అనే గణాంకశాస్త్ర ఆచార్యుడు, ఏ బేస్‌బాల్ కార్డు ఎంతకు పోతోందో జనాన్ని అడిగి పట్టికలు వేయడం మొదలుపెట్టి, 1984లో ఒక మాసపత్రిక పెట్టారు. కార్డుల దుకాణాల్లో చాలాకాలం ఆ పత్రికలో ఉన్నదే ధర. 1999లో అదే పేరుతో గ్రేడింగ్ వచ్చింది.

ఈ మార్కుల విలువ ఎంతో తెలియాలంటే, పీఎస్ఏ మొట్టమొదట మార్కులు వేసిన కార్డు సంగతి తెలియాలి.

హోనస్ వాగ్నర్ అని పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టులో గొప్ప ఆటగాడు ఉండేవాడు. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టి అమ్మింది. అందులో వాగ్నర్ బొమ్మా వేశారు. ఆయన వద్దన్నాడు. పొగాకు మీద అయిష్టంతో వద్దన్నాడని కొందరంటారు, తన బొమ్మకు డబ్బివ్వనందుకని కొందరంటారు. ఏదైతేనేం, అచ్చు ఆగిపోయింది. ఇవాళ ఆ కార్డులు లోకంలో అరవై దాకా మిగిలాయి. చాలావరకు మూలలు అరిగి, మడతలు పడి ఉన్నవే. వాటి మధ్య ఒక్క కార్డు మాత్రం నిన్న మొన్న అచ్చయినట్టు, అంచులు తిన్నగా, మూలలు పదునుగా ఉంది. 1985లో బిల్ మాస్ట్రో అనే వ్యాపారి దాన్ని 25,000 డాలర్లకు కొన్నాడు. చేతులు మారి మారి 1991లో సోథెబీస్ వేలానికి వస్తే, హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు పాడుకున్నారు. అప్పుడే పుట్టిన పీఎస్ఏ ఆ కార్డుకు 8 మార్కులు వేసి, ఒకటో నంబరు చీటీ అంటించింది. అంతటి కార్డు తమ పెట్టెలో ఉందంటే కొత్త కంపెనీకి అంతకు మించిన ప్రచారం ఏముంటుంది? 2007లో అది 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

2013లో ఒక మోసం కేసులో నేరం ఒప్పుకుంటూ మాస్ట్రో అసలు సంగతి చెప్పాడు. ఆ కార్డు పక్క అంచులు తానే కత్తిరించానని. కత్తిరించిన కార్డుకు అంకె వేయకూడదన్నది పీఎస్ఏ పెట్టుకున్న నియమమే. అంటే మొదటి పెట్టెలోకి వెళ్లిన మొదటి కార్డే ఆ నియమం దాటి వెళ్లింది.

గ్రేడింగ్ అంతా బూటకమని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. అలా అనుకోవడం పొరపాటు. ఆ రోజుల్లో లేని పరికరాలు, కొలతలు, అనుభవం ఇవాళ ఉన్నాయి. కానీ చీటీ మీద అంకెను మాత్రం, తెలిసిన మనిషి ఒకరు ఒక పూట ఒక కార్డును చూసి చెప్పిన అభిప్రాయంగానే తీసుకోవాలి. అదే కార్డును పెట్టె పగలగొట్టి మళ్లీ పంపితే 9 కాస్తా 10 అయిన సందర్భాలున్నాయి, 8 అయిన సందర్భాలూ ఉన్నాయి. మార్పు వస్తుందన్న ఆశతోనే ఒకే కార్డును పదేపదే పంపేవాళ్లున్నారు.

మరి ఒకరి అభిప్రాయానికి అంత డబ్బు ఎందుకు? కొనేవాడు కార్డును చేత్తో పట్టుకుని చూడలేడు కాబట్టి. న్యూజెర్సీలో ఉన్నవాడు అరిజోనాలో ఉన్నవాడి దగ్గర, ఫోటో ఒక్కటే చూసి, ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మి వందల డాలర్లు పెట్టాలి. మధ్యలో మూడోవాడు చూసి చెప్పిన మాట ఉంటే ధైర్యం. ఆ ధైర్యానికే ధర. కనుక నమ్మకం సమస్యగా ఉన్నచోట గ్రేడింగ్ అక్కరకొస్తుంది. ఆ సమస్యే లేనిచోట ఆ ఖర్చు దండగ.

ఇప్పుడు పిల్లవాడు చూపించిన కార్డు లెక్క వేద్దాం. విడిగా 60 డాలర్లు, 10 వస్తే 150. మధ్యలో 9 వస్తే ఎంతన్నది పిల్లవాడు చూడలేదు. కొత్తగా వచ్చిన కార్డుల్లో 9కి, విడి కార్డుకి పెద్ద తేడా ఉండదు. 65 అనుకుందాం. గ్రేడింగ్ రుసుము, పోను రాను తపాలా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి కార్డుకు 33 డాలర్లు అనుకుందాం. ఇది నేను ఎక్కువ చేసి చెబుతున్నది కాదు, చవక సేవకే ఆ దరిదాపుల్లో అవుతుంది. ఈబే మీద అమ్మితే వాళ్లు పట్టుకునేది నూటికి 13 చిల్లర.

విడిగా అమ్మేస్తే ఆ 60లో చేతికొచ్చేది 52. 10 వచ్చి 150కి అమ్మితే, ఈబే వాటా పోను, గ్రేడింగ్ ఖర్చు పోను, సుమారు 97. అంటే 45 డాలర్ల లాభం. 9 వచ్చి 65కి అమ్మితే అన్నీ పోను మిగిలేది 23 చిల్లర. విడిగా అమ్మినదానికంటే 28 డాలర్ల పైచిలుకు తక్కువ. ఇలాంటివి ఐదు కార్డులు పంపితే, రెండింటికి 10 వచ్చి మూడింటికి 9 వచ్చిందనుకోండి. లాభం 90, నష్టం 86. నెలల తరబడి ఎదురుచూసినందుకు నాలుగు డాలర్లు. ఐదింటిలో ఒక్కదానికే 10 వస్తే చేతి డబ్బు పోయినట్టే. ఒకదానికి 8 వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు.

అందుకే 9 దగ్గర లెక్క ఆపమన్నాను. 9 వచ్చినా ఖర్చులు గిట్టుబాటయ్యే కార్డు వేరు, 10 వస్తే తప్ప గిట్టని కార్డు వేరు. రెండోదాన్ని పంపడమంటే పందెం కాయడమే. కాయదలిస్తే కాయండి, అది పందెమని పిల్లవాడికి కూడా చెప్పి కాయండి. ఈ కాగితం లెక్క పిల్లవాడి చేతే వేయించండి. భిన్నాలు, శాతాలు బళ్లో నేర్చుకున్నవాడికి ఇంతకంటే ఇష్టమైన లెక్క దొరకదు.

10 వచ్చే కార్డు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. “ఇప్పుడే ప్యాక్‌లోంచి తీశాం, 10 రాకేం?” అంటారు. ఫ్యాక్టరీలోనే అచ్చు పక్కకు జరుగుతుంది, కోత వంకరపోతుంది, యంత్రం రోలరు గీత పడుతుంది. కొత్తదనానికీ 10కీ సంబంధం లేదు. ఆలెన్‌లో జరిగే డాలస్ కార్డ్ షోలో ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, “అంకుల్, ఇది 10 వస్తుందా?” అని అడిగాడు. కార్డు ముందువైపు నిజంగా ముచ్చటగా ఉంది. “వెనక్కి తిప్పు నాన్నా” అన్నాను. పోకెమాన్ కార్డు వెనుక భాగం ముదురు నీలం. ఆ నీలం అంచున కింది మూల దగ్గర సూదిమొనంత తెల్లచుక్క. పక్కనే ఇంకొకటి. రంగు లేచి లోపలి కాగితం కనబడుతోందన్నమాట. తెల్ల గోడ మీద మరక కనబడనివాడికి కూడా, ఒకసారి చూపిస్తే ఈ చుక్కలు ఇక కనబడకుండా పోవు. కుర్రాడు చాలాసేపు చూసి, తండ్రికి చూపించాడు. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, “ఇంత చిన్నదానికి మార్కులు తగ్గిస్తారా అండీ?” అన్నారు. తగ్గిస్తారు.

మీరూ ఇంట్లో చూడండి. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, బల్ల మీద మెత్తటి బట్ట పరచండి. ఒక్క దీపం చాలు, కానీ ప్రకాశంగా ఉండాలి. ముందు కార్డు వెనుక వైపు నాలుగు అంచులూ, నాలుగు మూలలూ. భూతద్దం ఉంటే మంచిది. తర్వాత ముందువైపు. కార్డును దీపం కింద పడుకోబెట్టి చూస్తే ఏమీ కనబడదు. ఒక పక్క ఎత్తి, వెలుతురు ఏటవాలుగా పడేలా మెల్లగా తిప్పాలి. మెరిసే భాగం మీద సన్నటి గీత ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోతుంటే అది అచ్చు గీత. పాత హోలో కార్డులకు, అంటే బొమ్మ తళతళలాడే కార్డులకు, అది మామూలే, కానీ మార్కులు మాత్రం తగ్గుతాయి. చివరిగా సెంటరింగ్, అంటే బొమ్మ కార్డుకు సరిగ్గా మధ్యలో ఉందా అని. పీఎస్ఏ 10 ఇవ్వాలంటే ముందువైపు ఎడమ కుడి అంచుల తేడా 55, 45 పాళ్లు దాటకూడదు. రెండు అంచులూ కలిపి 6 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుంటే, ఒకటి 3.3, రెండోది 2.7. తేడా అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. కంటికి సమంగా కనిపించే కార్డులు చాలా ఇక్కడే ఆగిపోతాయి. వేలిముద్ర ఉంటే కళ్లజోడు తుడిచే బట్టతో సుతారంగా అద్దండి. మందులు, పాలిష్‌లు వద్దు. వాటి జాడ దొరికితే అసలు అంకే వేయరు.

ఇక కార్డు ఎంత అరుదన్న ప్రశ్న. ఏ కార్డుకు ఏ మార్కులు ఎన్నిటికి వచ్చాయో ఈ కంపెనీలు బయటపెడతాయి. దాన్ని పాపులేషన్ రిపోర్ట్ అంటారు. పంపేముందు అది చూడటం తప్పనిసరి. 1980ల చివర్లో, 90ల మొదట్లో కంపెనీలు కార్డులను విపరీతంగా అచ్చువేశాయి. జనమూ కొని భద్రంగా దాచారు. 1989 అప్పర్ డెక్ సెట్లో ఒకటో నంబరు కెన్ గ్రిఫీ జూనియర్ కార్డు ఎంతో అందమైనది, ఎంతో పేరున్నది. 10 వచ్చినవి వేల సంఖ్యలో ఉన్నాయి. అంతకు ముందు తరం సంగతి వేరు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన సెట్లో అమ్ముడుపోని పెట్టెలను 1960లో సై బెర్గర్ పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించారు. ఆ సెట్ రూపకర్తల్లో ఆయన ఒకరు. దానిలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. దానికి 9.5 వేసింది పీఎస్ఏ కాదు, ఎస్‌జీసీ. పీఎస్ఏ పెట్టె లేకపోతే ధర రాదనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రోజువారీ పోకెమాన్ కార్డులకు పీఎస్ఏ చీటీకే గిరాకీ ఎక్కువన్న మాట నిజమే, ఆ మేరకు దాన్ని ఎంచుకోవడంలో తప్పులేదు.

ఇంకా విచిత్రం చూడండి. 2025లో మైకేల్ జోర్డన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలూ, ఇద్దరి జెర్సీల మీది లోగో ముక్కలూ ఉన్న కార్డు కోటీ 29 లక్షల డాలర్లకు అమ్ముడై మాంటిల్‌ను దాటేసింది. దానికి వచ్చిన మార్కులు 6. లోకంలో అలాంటిది అదొక్కటే, 6 అయితేనేం, 4 అయితేనేం?

ధరలు నిలకడగా ఉంటాయనుకుని లెక్కలు వేయకండి. 1986 ఫ్లీర్ సెట్లోని 57వ నంబరు జోర్డన్ కార్డుకు ఎర్రటి, నీలి అంచులుంటాయి. కాస్త గీరుకుంటే చాలు తెలుపు బయటపడుతుంది, అందుకే 10లు తక్కువ. 2021 జనవరి చివర ఆ 10లు రెండు, ఒక్కొక్కటి 7,38,000 డాలర్లకు పోయాయి. ఆ ఏడాది గడవకముందే ధర సగానికి పైగా పడిపోయింది. అదే ఏడాది కరోనా రోజుల్లో ఇళ్లలో ఉన్నవాళ్లందరూ అటకల మీది డబ్బాలు దించి పంపేసరికి, గత మూడు నెలల్లో వచ్చినన్ని కార్డులు మూడు రోజుల్లో వచ్చాయని పీఎస్ఏ అధ్యక్షుడు ప్రకటించారు. మార్చి నెలాఖరున చవక సేవలను ఆపేశారు. అప్పటికే పంపినవాళ్లలో చాలామంది కార్డుల కోసం నెలలు గడిచి ఏడాది దాటినా ఎదురుచూస్తూనే ఉన్నారు. వేడి మీద పంపిన కార్డు చల్లారాక ఇంటికొచ్చింది. కొత్త పోకెమాన్ సెట్ విడుదలైన వారంలో ఉండే ధర, మీ కార్డు తిరిగొచ్చేసరికి ఉండదు. అప్పటికి అందరి 10లూ బజారులోకి వచ్చేసి ఉంటాయి.

పాతవాటి దగ్గర నా మాట మారుతుంది. 1999లో అమెరికాలో వచ్చిన మొదటి పోకెమాన్ సెట్లో చారిజార్డ్ కార్డు ఎవరింట్లోనైనా ఉంటే, మూలలు అరిగినా సరే, కూర్చుని శ్రద్ధగా చూడండి. బొమ్మ కింద ఎడమవైపు 1 అంకెతో నల్లటి ఎడిషన్ ముద్ర ఉందా? బొమ్మ చట్రానికి కుడివైపు నీడ లేకుండా ఉందా? అడుగున చిన్న అక్షరాల్లో సంవత్సరాల వరుసలో 99 కూడా ఉందా? మూడూ ఉంటే అది మొదటి ముద్రణ. దానిలో 10 వచ్చిన కార్డు 2022 మార్చిలో 4,20,000 డాలర్లకు పోయింది. 5 వచ్చినా, 6 వచ్చినా మంచి ధరే వస్తుంది, ఎందుకంటే ఈ కార్డుకు నకిలీలు కోకొల్లలు. కొనేవాడి మొదటి అనుమానం మూలల మీద కాదు, అసలుదా కాదా అన్నదాని మీద. ఇక్కడ గ్రేడింగ్ ఖర్చు సార్థకం. ఆటగాళ్ల సంతకాలున్న కార్డులకూ ఇదే వర్తిస్తుంది.

స్లాబ్‌లో ఉన్న కార్డు కొనేటప్పుడు కూడా కళ్లు తెరిచే ఉండాలి. నకిలీ పెట్టెలు, నిజమైన కార్డు నంబరును కాపీ కొట్టిన చీటీలు తిరుగుతున్నాయి. నంబరును కంపెనీ సైట్లో కొట్టి, అక్కడి ఫోటోలోని కార్డూ చేతిలోని కార్డూ ఒకటేనా, అచ్చు గీతలు, సెంటరింగ్ కలుస్తున్నాయా అని చూసుకోండి.

హైదరాబాద్, విజయవాడల నుంచి చుట్టాల ద్వారా ఇక్కడికి కార్డులు పంపించే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లు నా లెక్కకు రెండువైపుల రవాణా, ఇన్సూరెన్స్, తిరిగొచ్చేటప్పుడు పడే కస్టమ్స్ సుంకం కలుపుకోవాలి. అన్నీ కలిపితే 60 డాలర్ల కార్డు ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. అందరి కార్డులూ కలిపి పంపే మధ్యవర్తికి ఇస్తే, కార్డు రెండువైపులా ఫోటోలు తీసుకుని, మూలల దగ్గరగా కూడా తీసుకుని, లిఖితంగా రసీదు పుచ్చుకున్నాకే ఇవ్వండి. పంపేటప్పుడు మెత్తటి స్లీవ్‌లో పెట్టి, దానిపై కార్డ్ సేవర్ అనే వంగే కవరులో పెట్టాలి. గట్టి టాప్‌లోడర్‌లోంచి తీసేటప్పుడు మూలలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది కాబట్టి పీఎస్ఏ ఆ కవర్లలోనే పంపమంటుంది.

అమ్మే ఉద్దేశమే లేని కార్డు సంగతేమిటని అడుగుతారు. అమ్మమ్మ పుట్టినరోజుకు కొనిచ్చిన ప్యాక్‌లో వచ్చింది, ఎప్పటికీ ఇంట్లోనే ఉంటుంది. దానికి మూడోమనిషి అభిప్రాయం ఎందుకు? ఎండ పొడ తగ్గించే అయస్కాంతపు పెట్టె కొద్ది డాలర్లకు దొరుకుతుంది. కావాలనుకున్నప్పుడు తెరిచి చూసుకోవచ్చు. మన కోస్తా ఊళ్లలోనైతే దాని పక్కన ఒక సిలికా జెల్ పొట్లం కూడా ఉంచండి, తేమకు హోలో కార్డులు విల్లులా వంగిపోతాయి. పిల్లవాడు ఆ కార్డుతో ఆడాలంటున్నాడా? చాలా కార్డులకు అదే పేరుతో, అదే బలంతో, బొమ్మ మాత్రం వేరుగా ఉండే మామూలు ముద్రణ ఒకటి ఉంటుంది. దుకాణంలో విడికార్డుల పెట్టెలో వెతికితే డాలరుకో రెండు డాలర్లకో దొరుకుతుంది. ఆట డెక్కులోకి అది వేసుకోమనండి.